పై అరలో థర్మామీటరు

గింజలమ్మని పోయిన వారం జెరాక్సు షాపు కౌంటరు దగ్గర నిలబెట్టి వదిలేశాం. పాపం, వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది. ఆమె ముందు పీహెచ్‌డీ సీటు తాలూకు సమ్మతి పత్రం. పైన ప్రొఫెసరుగారి సంతకం అయిపోయింది, కింద ఆమెది పడాలి, ఆపైన ఆయనైనా కాదనడానికి లేదు. సాయంత్రం నాలుగింటిలోగా రోడ్డు అవతలి యూనివర్సిటీ ఆఫీసులో ఇస్తే సీటు ఆమెది, లేకపోతే వరసలో తర్వాతి మనిషిది. ఆమెకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. వయసు లెక్క ప్రకారం ఇదే ఆఖరి అవకాశం. విత్తన పరీక్షల ల్యాబులో పదకొండేళ్ళుగా చేస్తున్న ఉద్యోగం మాత్రం వదులుకోవాలి. అంతా తేల్చుకుని సంతకం పెట్టబోతుంటే, షాపు యజమాని కాగితం మీద అరచెయ్యి అడ్డం పెట్టి "పెట్టకు" అన్నాడు. ఆ యజమాని పరాయివాడు కాదు, ఆమె అక్క మొగుడే.

"చెయ్యి తియ్యి బావా," అంది గింజలమ్మ.

బావ తియ్యలేదు. ఆరడుగుల రెండంగుళాల మనిషి, షాపులో బల్బు మార్చాలంటే ఆయనకి కుర్చీ అక్కర్లేదు. ఇంట్లో చిన్నా పెద్దా అందరూ నిచ్చెన అనే అంటారు, అదీ మొహం మీదే.

"ముందు అన్నం తిని రా. తర్వాత మాట్లాడుకుందాం."

"తిన్నాను."

"ఏం తిన్నావో నీ మొహమే చెబుతోంది."

అబద్ధమే, తినలేదు. పొద్దున్న నూరేసి గింజల చొప్పున పదహారు సార్లు లెక్కపెట్టి, తడి కాగితాల్లో చుట్టి, మొలకల బీరువాలో సర్ది, సగం రోజు సెలవు రాసిచ్చి రెండు బస్సులు మారి వచ్చింది. ఆమె చేసే పనే అది. అమ్మకానికి ముందు పరీక్షకని సంచుల్లో వచ్చిన విత్తనాల్ని నూరేసి చొప్పున తడిపి పెట్టడం, ఎనిమిదో రోజున ఎన్ని మొలిచాయో చూసి, మొలవనివాటిని 'చచ్చినవి' అని రాసి పారెయ్యడం. సంచులు మోసుకొచ్చే రైతులే ఆమెకి ఆ పేరు పెట్టారు. అసలు పేరు జీతం పుస్తకంలో ఉంది, అక్కడ తప్ప ఎవరికీ పని లేదు.

ఆమెని పరిశోధన దాకా లాక్కొచ్చినవి ఆ చచ్చిన గింజలే. పారెయ్యడానికి చేతులు రాక, తొమ్మిదేళ్ళ కిందట ఒకసారి వాటిని కిటికీ దగ్గర బేసినులో ఉంచింది. ఇరవయ్యో రోజుకి చాలావరకు లేచి కూర్చున్నాయి. అప్పట్నించి సొంత పుస్తకం ఒకటి పెట్టి రాసుకుంటోంది. రెండు నెలల కిందట తనిఖీకి వచ్చిన ప్రొఫెసరుగారు ఆ బేసినూ ఆ పుస్తకమూ చూసి, "చావకుండా నిద్రపోయే గింజలు ఉన్నాయని నేను చెబుతూ వచ్చింది ఇదేనమ్మా, వచ్చి నా దగ్గర పీహెచ్‌డీ చెయ్యి," అన్నాడు. పదకొండేళ్ళలో ఆమె రాసినదాన్ని చదివిన మొదటి మనిషి ఆయన. ఆ సంతోషం రెండు నెలలైనా తగ్గలేదు, అలసట మాత్రం రెట్టింపయింది. లాంగ్‌రూటు బస్సు నడిపే మొగుణ్ణి అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. అంతకంటే బరువైన మాట మన భాషలో లేదు. ఎనిమిదో క్లాసు చదివే కూతురు మాత్రం "అయితే నీకూ హోంవర్కు ఉంటుందా?" అని పగలబడి నవ్వింది.

ఇక మిగిలింది బావ. ఇంటిల్లిపాదిలోకీ ఆ దారిన వెళ్ళి తిరిగొచ్చింది ఆయనొక్కడే. అదే ప్రొఫెసరు దగ్గర ఏడేళ్ళు పరిశోధన చేసి, థీసిస్ ఇవ్వకుండానే బయటికొచ్చేశాడు. వచ్చి ఆ యూనివర్సిటీ గేటుకి ఎదురుగానే షాపు పెట్టాడు. పన్నెండేళ్ళుగా ఇతరుల థీసిస్‌లకి అట్టలు వేసి, వెన్ను మీద బంగారు రంగు అక్షరాలు కొడుతున్నాడు. ఎందుకు మానేశావని అడిగితే "చదువు ఎక్కలేదు" అనేవాడు. ఆ తర్వాత అడగడం అందరూ మానేశారు. అక్కయితే నిన్న ఫోనులో ఒకే ముక్క చెప్పింది. "ఇంటికొక డాక్టరు కాని డాక్టరు చాలే, రెండోది వద్దు."

అంతలో గడ్డం పెరిగిన కుర్రాడెవరో వచ్చి అయిదు కాపీలు తీసుకున్నాడు. ఎర్ర అట్ట, బంగారు అక్షరాలు. ఒక పుస్తకం తెరిచి, వాసన చూసి, మూసేశాడు. "నిద్రపోవాలండీ," అన్నాడు ఎవరితోనో తెలియకుండా, అన్ని కాపీలూ గుండెకి ఆన్చుకుని వెళ్ళిపోయాడు. బావ అతను రోడ్డు దాటేదాకా చూశాడు.

గింజలమ్మకి ఆ చూపే ఒళ్ళు మండించింది. "చూశావా? రోజుకి పదిమందిని ఇలా పంపిస్తావు. నేననేసరికి చెయ్యి అడ్డం పెడతావు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నువ్వు పూర్తి చెయ్యలేకపోయావని నన్ను ఆపుతావా బావా?"

అనేశాక నాలిక కరుచుకుంది. పన్నెండేళ్ళు ఇంట్లో ఎవరూ అనని మాట అది. బావ కోపం తెచ్చుకుంటే బాగుండేది. తెచ్చుకోలేదు. జెరాక్సు మిషను ఆపేశాడు. కౌంటరు దగ్గరికి కుర్చీ ఒకటి తోశాడు, తనూ స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చున్నా ఆయన తల ఆమె తల కంటే పైనే ఉంది.

"పూర్తి చేశాను," అన్నాడు. "రెండు వందల నలభై పేజీలు. టైపు కూడా అయిపోయింది. నాలుగు రోజుల్లో ఇచ్చెయ్యాలి."

"మరి?"

"యూనివర్సిటీలో మా మొలకల బీరువాకి నాలుగు అరలు. మేలు రకం గింజలు పైన, నాటు రకం గింజలు కింద. మొదటి రోజు అలా పెట్టాను, అరలకి చీటీలు అంటించాను. చీటీలున్నాయి కదాని ఏడేళ్ళూ అలాగే పెట్టాను. మేలు రకం ఎనిమిది రోజుల్లో మొలిచేది, నాటు రకం ఇరవై రోజులు తీసుకునేది. దాన్ని పట్టుకుని నాటు గింజలకి నిద్ర ఎక్కువ అని సిద్ధాంతం చేశాం. ఆఖరి వారంలో కింది అర బోల్టు ఊడిపోయింది. ఆ ట్రేలు తీసి పై అరలో పెట్టాను, వేరే చోటు లేక. ఎనిమిదో రోజుకి శుభ్రంగా మొలిచాయి."

ఈ పనిలో పదకొండేళ్ళున్న మనిషికి ఆ తర్వాతి మాట చెప్పక్కర్లేదు.

"కింద చల్లగా ఉండేది," అంది మెల్లగా.

"అప్పుడు కొలిస్తే నాలుగు డిగ్రీలు తక్కువ. వేడి దీపం పైన, థర్మామీటరూ పైన. ఏడేళ్ళలో ఒక్కరోజు వంగి కింద ఎంత ఉందో చూడలేదు. చలికి దుప్పటి కప్పుకున్నవాణ్ణి చూసి వీడు బద్ధకస్తుడు అని రాసుకుపోయాను. రెండు వందల నలభై పేజీలు."

"సార్‌కి చెప్పలేదా?"

"అదే రోజు చెప్పాను. రాసుకున్న పుస్తకం ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన చదివాడు, మొత్తం చదివాడు. చదివి, 'గింజలు కోర్టుకెక్కి సాక్ష్యం చెప్పవురా, థీసిస్ ఇచ్చెయ్యి' అన్నాడు. నేను ఇవ్వలేదు. పుస్తకం అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను."

"మాకు ఎందుకు చెప్పలేదు?"

"ఏడేళ్ళు తప్పు కొలిచానని మీ అక్కకి చెప్పడం కంటే, చదువు ఎక్కలేదని చెప్పడం సులువు." మొహం రుద్దుకున్నాడు. "ఇప్పుడు ఆయన నిన్ను పిలిచింది ఆ సిద్ధాంతం మీదే. ఇసకలో పునాది. అయిదేళ్ళు కట్టి, అయిదో ఏడు నాలాగే తెలుసుకుంటావు. అందుకే వద్దన్నాను. ఓడిపోయినవాడి ఏడుపు కాదిది."

గింజలమ్మకి సిగ్గేసింది. సారీ చెబుదామనుకుంది గాని, మనసులో ఇంకేదో మెదులుతోంది. ల్యాబులో తన రోజువారీ పని కళ్ళ ముందు ఒక్కొక్కటే కదిలింది. పొద్దున్నే బీరువా తలుపు తియ్యడం. పక్కనున్న పీట లాక్కోవడం. పీటెక్కి, మునివేళ్ళ మీద లేచి, పై అర కొక్కేనికి వేలాడే థర్మామీటరు చూడటం.

"బావా, మా దగ్గరా పైనే."

"ఏది?"

"థర్మామీటరు. రోజూ పీటెక్కి చూస్తాను. నాకు అందదని కిందకి మారుద్దామంటే మా ల్యాబు పెద్దసార్ ఒప్పుకోలేదు. రూలు పుస్తకంలో అలాగే ఉంది, 'పై అర కొక్కేనికి తగిలించవలెను' అని."

"ఏం రూలు పుస్తకం?"

"విత్తన పరీక్షలకి. అన్ని ల్యాబులకీ అదే. మొలకలు ఎనిమిదో రోజున లెక్కపెట్టాలనేది కూడా అందులోదే. రాసింది మన ప్రొఫెసరుగారే కదా, నీకు తెలీదా? నేను చేరిన ఏడే వచ్చింది."

బావ మొహంలో రంగు దిగిపోవడం ఆమె చూసింది.

"పదకొండేళ్ళ కిందట," అన్నాడు.

"అవును."

"నేను చెప్పిన మరుసటి ఏడు."

ఆయన లేచి నిలబడి, వెంటనే మళ్ళీ కూర్చున్నాడు. "ఆ రూల్లోకి ఎక్కింది మా బీరువా కొక్కెమే చిన్నీ, నేను పెట్టింది. వంగకుండా చూసుకోవచ్చు కదా అని నా కళ్ళకి ఎదురుగా మేకు కొట్టుకున్నాను. అంతకు మించి దానికి వేరే శాస్త్రం లేదు. నేను పొడుగు, అంతే!"

అయిదడుగుల గింజలమ్మ పదకొండేళ్ళుగా పీట ఎక్కి దిగుతున్నది ఎవరి పొడుగు వల్లనో అప్పుడు తెలిసింది. వేరే రోజయితే ఇంటిల్లిపాదీ నెలకి సరిపడా నవ్వుకునేవారు. ఇప్పుడు ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

ఆమె సంచిలోంచి తన పుస్తకం తీసింది. తొమ్మిదేళ్ళది, అట్టలు రెండుసార్లు మార్చింది, రెండుసార్లూ బావే వేసిపెట్టాడు. ప్రతి వరసలో తేదీ, సంచి నెంబరు, అర నెంబరు, బేసినులో తర్వాత లేచినవి ఎన్ని. అర నెంబరు ఎందుకు రాసిందంటే, ల్యాబులో ఏది రాసినా అర నెంబరు వెయ్యడం అలవాటు. రాయడం అలవాటైపోయినదాన్ని మళ్ళీ చదవాలని ఎవరికీ తోచదు, ఆమెకీ తోచలేదు.

"నేను అర చదువుతాను. నువ్వు గీతలు పెట్టు," అంది.

బావ అట్టలకి చుట్టే గోధుమరంగు కాగితం చింపి నాలుగు గళ్ళు గీశాడు.

"నాలుగు. నాలుగు. నాలుగు. మూడు. నాలుగు."

రెండు పేజీలయ్యాక ఆమె గొంతు తగ్గింది. అయిదు పేజీలయ్యాక, బావ ఆమె చదవకముందే నాలుగో గడిలో గీత పెట్టడం మొదలెట్టి, తప్పని ఆగాడు. జెరాక్సులకి వచ్చిన ఇద్దరు ముగ్గురు వాళ్ళ మొహాలు చూసి పక్క షాపుకి పోయారు. ముప్పావుగంట పట్టింది. మొత్తం రెండు వందల పన్నెండు వరసలు. అందులో నాలుగో అరవి నూట తొంభై.

"అయిపోయింది," అంది గింజలమ్మ. పుస్తకం మూసింది. "నిద్రా లేదు, గాడిదగుడ్డూ లేదు. తొమ్మిదేళ్ళు మా బీరువా చలిని రాసుకున్నాను."

"నువ్వేం తప్పు చెయ్యలేదు."

"ఆగు బావా." రెండు చేతులూ కౌంటరు మీద పెట్టుకుంది. "నా పుస్తకం పోతే పోయింది. నాలుగో అరలో ఎవరివి పెడతామో తెలుసా నీకు? కంపెనీల డబ్బాలు పొద్దున్నే జీపులో వస్తాయి, పై అరలు వాటితో నిండుతాయి. చిన్న రైతులు రెండో బస్సుకి వస్తారు, గుడ్డ సంచులతో. అప్పటికి మిగిలేది కింది అరే. ఎప్పుడూ అంతే. ఎవరూ కావాలని చెయ్యరు, ముందొచ్చినవాళ్ళకి ముందు, అంతే."

బావ గోధుమరంగు కాగితం వైపు చూస్తున్నాడు.

"ఒక పెద్దాయన మూడేళ్ళు వరసగా తెచ్చాడు," అంది. "మూడేళ్ళూ ఫెయిలే. మూడోసారి కౌంటరు దగ్గర నిలబడి, 'తల్లీ, ఇవి బతికున్నాయమ్మా, నా చేత్తో ఆరబెట్టాను, నాకు తెలీదా' అన్నాడు. నేనేమన్నానో తెలుసా? 'లెక్క లెక్కే పెద్దాయనా' అన్నాను. కాగితం మీద 'చచ్చినవి' అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. నాలుగో ఏడు రాలేదు. విత్తనాలు పండించడమే మానేశాడని పక్క ఊరివాళ్ళు చెప్పారు."

ఏడవలేదు. ఏడవడానికి కూడా కాస్త ఓపిక కావాలి. తలవంచుకుని కూర్చుంది, కూర్చున్నచోటే పడుకోవాలనిపించింది. రేపు బస్సెక్కి ల్యాబుకి వెళ్ళాలి. మళ్ళీ పీటెక్కాలి. ఈ రోజు పొద్దున్న తను సర్దిన పదహారు చుట్టల్లో నాలుగు కింది అరలోనే ఉన్నాయి.

"నేను నోరు మూసుకుని ఇంటికొచ్చేస్తే తప్పు నాతోనే ఆగిపోతుందనుకున్నాను," అన్నాడు బావ. "నా థీసిస్ ఇవ్వకపోతే ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను. పన్నెండేళ్ళు అదే ధైర్యం. నిజాయితీపరుణ్ణని లోపల కాస్త గర్వం కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు."

"రేపు పెద్దసార్‌కి చెబుతాను," అంది.

"ఏమంటాడు?"

"బీరువా పాడైందని రాసి రిపేరుకి పంపిస్తాడు."

"రూలు పుస్తకం?"

"దాన్ని మార్చడానికి మనమెవరం అంటాడు. గింజలు లెక్కపెట్టేదానివి లెక్కపెట్టు అంటాడు. నిజమే కదా, నా మాటకి విలువేముంది బావా? నాలుగు ల్యాబుల్లో, నాలుగు కాలాల్లో, అన్ని అరల్లో కొలిచి, మొత్తం రాసి, ఎవరూ కాదనలేకుండా చూపించాలి. దానికి అయిదేళ్ళు పడుతుంది. అధికారం కావాలి. ఏ ల్యాబు తలుపు కొట్టినా తియ్యాలి."

తన నోటితో తను ఏం చెప్పిందో ఆమెకి కాసేపటికి గాని తట్టలేదు. బావకి ముందే తట్టింది. కౌంటరు మీది సమ్మతి పత్రాన్ని రెండు వేళ్ళతో ఆమె వైపు జరిపాడు.

"ఇందాక పెట్టకు అన్నది నువ్వే," అంది.

"అవును. అప్పుడు నీ గురించే ఆలోచించాను."

"నాకు ఓపిక లేదు బావా, నిజంగా లేదు. పిల్లది, ఇల్లు, రెండు బస్సులు. ఇందాక ఇక్కడికి వచ్చినప్పుడు ఇది నా సరదా. కాస్త పేరొస్తుందనీ, పిల్ల గొప్పగా చెప్పుకుంటుందనీ. ఇప్పుడు చూడు ఏమైందో, నెత్తిన బండ."

ధైర్యం చెప్పే మాటలు బావ దగ్గర ఎప్పుడూ లేవు. లోపలికెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి పెట్టాడు. ఆమె తాగింది.

"నీ పుస్తకం," అంది గ్లాసు దించి. "ఏడో ఏటిది. బోల్టు ఊడిన వారంది. అది ఉంటే ఎక్కడ మొదలెట్టాలో తెలుస్తుంది. ఆయన దగ్గర ఉంటుందా?"

"పన్నెండేళ్ళయింది. చింపేసి ఉంటాడు."

"అడుగుతాను."

"చిన్నీ, వద్దు. ముందు కాగితం ఇచ్చెయ్యి, తర్వాత అడుగు."

లోకం తెలిసినవాళ్ళు అలాగే చేస్తారు. గింజలమ్మ లోకం నూరు గింజల లోకం, తడిపాక దాచడం అక్కడ కుదరదు. గోడ గడియారం మూడూ ఇరవై చూపిస్తుండగా ప్రొఫెసరుగారికి ఫోను కలిపింది. రెండో రింగుకే ఎత్తాడు.

"ఏమ్మా, సంతకం అయిందా? ఇంకా ఆఫీసుకి రాలేదంటున్నారు. నీ కోసమే కూర్చున్నాను." ఆయన గొంతులో నిజమైన ఆదుర్దా ఉంది. రెండు నెలలుగా ఆ గొంతే ఆమెని నడిపించింది.

"వస్తున్నాను సార్. ఒక్క మాట అడగాలి. మీ పాత బీరువా కింది అరలో వేడి ఎంతుందో కొలిచిన పుస్తకం ఒకటి మీ బల్ల మీద పెట్టారట. పన్నెండేళ్ళ కిందట."

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. బావ కౌంటరు అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరు చెప్పారు?"

"రాసినాయనే సార్. మా బావ."

"మీ బావా?" అన్నాడు. తర్వాత మాట్లాడిన గొంతు వేరే మనిషిది, బాగా ముసలి మనిషిది. "పక్కనే ఉన్నాడా?"

"ఉన్నాడు. ఆ పుస్తకం మీ దగ్గర ఉందా సార్?"

ఆయన ఉందనలేదు, లేదనలేదు.

"అమ్మా, నేను చెప్పేది విను. ఆ కాగితం మీద సంతకం పెట్టకు. ఈ ఏడు వద్దు. నీ సీటు సంగతి నేను వేరేగా చూస్తాను. నాలుగు దాటనివ్వు, తర్వాత తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం. వింటున్నావా?"

గింజలమ్మ వింటూనే ఉంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది. కాగితాన్ని ముందుకి లాక్కుని, ఆయన సంతకానికి సరిగ్గా కింద తన పేరు, జీతం పుస్తకంలో ఉన్న పూర్తి పేరు, ఒక్కో అక్షరమే కనబడేలా రాసింది.

"పెట్టేశాను సార్," అంది.